దుమ్ము దిగే గంట

గంట ఆగాలి. అది రూలు. పనివాళ్ళు పాత కిటికీలు పీకి, గోడలు గీకి, వాక్యూమ్ పట్టి, తడిగుడ్డతో రెండుసార్లు తుడిచి వెళ్ళిపోయాక, తలుపులన్నీ మూసి సరిగ్గా గంటసేపు ఇంటిని ఇంటి మానాన వదిలేయాలి, గాలిలోకి లేచిన దుమ్మంతా తీరిగ్గా కిందికి దిగాలి, దిగిన తర్వాతే నాలాంటిది గ్లౌజులు తొడుక్కుని నేలమీద అడుగు పొడవు అడుగు వెడల్పు చదరం పెట్టి, తడి కాగితంతో దాన్ని తుడిచి, ఆ కాగితాన్ని మడిచి గొట్టంలో వేసి ల్యాబ్‌కి పంపాలి. పాత రంగులోని సీసం ఇంకా ఉందో, పోయిందో అప్పుడు తెలుస్తుంది. ఈలోపు ఎవరూ అటూ ఇటూ తిరగకూడదు, ఫ్యాన్ వేయకూడదు, ఎవరైనా గట్టిగా తుమ్మినా నాకు నచ్చదు. అందుకే వీధి తలుపు పక్కనే ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కదలకుండా కూర్చున్నాను. తలుపు అవతల మెట్లమీద మా చెల్లెలు కూర్చుంది, పక్కన దాని కూతురు. ఇది వాళ్ళ ఇల్లు. సొంతవాళ్ళ ఇల్లు పరీక్ష చేయకూడదని ఇంకో రూలు ఉంది, దాన్ని నేను ఆఫీసులో ఎవరికీ గుర్తు చేయలేదు, పెళ్ళయ్యాక మా ఇద్దరి ఇంటిపేర్లు వేరు కాబట్టి ఎవరికీ గుర్తు రానూ లేదు. "మా అక్క తప్ప ఇంకెవరొచ్చి చెప్పినా నేను నమ్మను" అని అదే పట్టుబట్టింది. నమ్మదట. మూడు ఇరవైకి మొదలైంది, నాలుగు ఇరవైకి అయిపోతుంది.

ఎనిమిది నిమిషాలు గడిచాయి. కొత్త కిటికీలోంచి ఎండ వచ్చి హాల్లో సగం నేల ఆక్రమించింది, ఆ ఎండలో సన్నటి నలుసులు తిరుగుతున్నాయి, వాటిని చూస్తే నాకేమీ అనిపించదు, కంటికి కనపడే దుమ్ము పాపం అమాయకపుది, బట్టలదీ వెంట్రుకలదీ, దానివల్ల ముక్కు కారడం తప్ప ఎవరికీ ఏమీ కాదు. నా దుమ్ము కనపడదు. పాత రంగు ఎండకి బీటలిచ్చి, కిటికీ తీసి మూసినప్పుడల్లా చెక్కా చెక్కా రాసుకుని గాడిలోకి పొడిపొడిగా రాలి, గట్టుమీదా నేలమీదా పరుచుకుని, పాకే పిల్ల అరచేతికి అంటుకుని, అరచేతి నుంచి నోట్లోకి పోయి, మెల్లగా మెదడుని తినే దుమ్ము. తియ్యగా ఉంటుందట. నేను రుచి చూడలేదు గాని పద్దెనిమిదేళ్ళుగా ఆ తీపి వెంటపడి ఇల్లిల్లూ తిరుగుతున్నాను. ఆఫీసులో నా పేరు తిక్క మేడం. ఇవాళ ఇక్కడ పని చేయించిన మేస్త్రీ నేను మెట్లెక్కుతుంటే తన మనుషులతో గొంతు తగ్గించి అన్నాడు, "ఒరేయ్, తిక్క మేడం వస్తోంది, మంచినీళ్ళు కూడా ఇవ్వకండి, లంచం అనుకుంటుంది." నాకు వినపడింది. వినపడనట్టు వచ్చేశాను. వినపడినవి వినపడనట్టు ఉండటం నాకు అలవాటే, ఆ అలవాటే ఇంతదాకా తెచ్చింది. ఒక్క కిటికీ గాడిలో లెక్క ఎక్కువ వచ్చిందని ఓ బడినే మూయించాను, ఆ హెడ్మాస్టరు చేతులు కట్టుకుని నిలబడితే మీ పిల్లలైతే ఊరుకుంటారా అని అందరి ముందూ కడిగిపారేశాను. ఇంత తిక్క మొదట్లో నాకు లేదు. అయిదేళ్ళ నుంచే. ఎందుకని ఎవరూ అడగలేదు, అనుభవం పెరిగిందనుకుని జీతం పెంచారు.

టంగ్. టంగ్ టంగ్. పిచ్చుక గరిటెతో మెట్ల కమ్మీని కొడుతోంది. పిచ్చుక అంటే చెల్లెలి కూతురు, పుట్టినప్పుడు గుప్పెడంతే ఉందని నేనే అలా పిలవడం మొదలుపెట్టాను, అందరూ అదే అందుకున్నారు. నాలుగేళ్ళు నిండాయి. ఆ ఈడు పిల్లలు మెట్లమీద కూర్చుంటే లోపల ఎవరున్నారు, తలుపెందుకేశారు, ఆ సంచీలో ఏముంది అని ప్రాణం తీస్తారు. ఇది గరిటెతో కొడుతుంది. ఆపితే ఏడుస్తుంది, ఇస్తే మళ్ళీ కొడుతుంది. "అలా కాదమ్మా, మెల్లగా, లోపల పెద్దమ్మ ఉంది" అని చెల్లెలు అంటోంది, వందోసారి అంటున్నా మొదటిసారి అంటున్నట్టే ఎంత ఓపిగ్గా అంటోందో. చిన్నప్పుడు దానికి ఓపికన్నది లేదు. జడ వేస్తుంటే సగంలో లేచి పరిగెత్తేది, రిబ్బను నా చేతిలోనే ఉండిపోయేది, సాయంత్రం ఒంటిజడ విప్పేసుకుని వచ్చి అక్కే సరిగ్గా వేయలేదని అమ్మకి చెప్పేది, అమ్మ నన్నే తిట్టేది. నాకంటే ఆరేళ్ళు చిన్నది. అది అడిగినవన్నీ దానికి వచ్చేవి, నేను అడక్కుండానే నాకు రావాల్సినవి కూడా దారి తప్పి దానికే వెళ్ళేవి. ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొస్తోందంటే, నన్ను నేను వెనకేసుకొస్తున్నాను కాబట్టి. ఇంకా నలభై నిమిషాలుంది, ఎంతైనా వెనకేసుకు రావచ్చు.

ఇల్లు కొన్న కొత్తలో అదే ఫోన్ చేసింది, అక్కా, నీ గన్ పట్టుకుని ఓసారి రావా, పాత ఇల్లు కదా, కాస్త చూసిపెట్టు, అని. గన్ అంటే కాల్చేది కాదు, గోడకో తలుపుకో ఆనించి మీట నొక్కితే రంగులో సీసం ఎంతుందో అంకె చూపిస్తుంది, తుపాకీలా పిడి ఉంటుంది కాబట్టి మేమంతా అలాగే అంటాం. ఆ రోజు నేను సెలవులో ఉన్నాను. సెలవు ఎందుకు పెట్టానో దానికి తెలీదు. పొద్దున డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను, ఈసారి కూడా నిలవలేదమ్మా అని చెప్పింది, మూడోసారి, మా ఆయన ఊళ్ళో లేడు, ఇంటికెళ్ళి ఒక్కదాన్నీ గోడలు చూస్తూ కూర్చోవడం కంటే చెల్లెలింటికెళ్ళి గోడలు చూడటం నయమనిపించింది. దానికి చెప్పుకుందామనే వచ్చాను. ముందు పని కానిచ్చేసి తర్వాత దాని పక్కన కూర్చుని తీరిగ్గా ఏడవచ్చని వెనకగదిలోకి వెళ్ళి కిటికీ చట్రానికి గన్ ఆనించాను. కీచుమంది. తొమ్మిది పాయింట్ నాలుగు. ఒకటి దాటితేనే ప్రమాదం. ఇంకోచోట ఆనించాను, మళ్ళీ తొమ్మిది పైనే. ఒసేయ్, ఇలా రావే అని నోరు తెరిచాను. అప్పుడే హాల్లోంచి దాని గొంతు వినపడింది. మా మరిదితో అంటోంది, మెల్లగానే అంటున్నానని అది అనుకుంటోంది గాని మెల్లగా మాట్లాడటం దానికి పుట్టినప్పట్నుంచీ రాదు. "ఇల్లు బాగానే ఉందని నాకూ తెలుసండీ. అక్కకి పిల్లా జెల్లా లేరు కదా, ఏదో ఒక పని చెప్తే పాపం సంబరపడుతుందని పిలిచా." మరిది ఊ అన్నాడు.

తిట్టి ఉంటే ఊరుకునేదాన్ని. దాని తిట్లు నాకు కొత్త కాదు, నా తిట్లు దానికి కొత్త కాదు, రెండు రోజులు మూతి ముడుచుకుని మూడో రోజు మాట్లాడుకునేవాళ్ళం. జాలిపడింది. పొద్దున మొదలైన రక్తం నాకు ఇంకా ఆగలేదు, చేతిలో రెండు కిలోల గన్, దాని తెరమీద తొమ్మిది చిల్లర మెరుస్తోంది, అవతల నామీద జాలి. తలుపు దగ్గరికి వచ్చి నవ్వుతూ అడిగింది, ఏమంటోందక్కా నీ గన్, అని. ఏమీ లేదు, బాగానే ఉంది, అన్నాను. ఎంత మామూలుగా అన్నానో తల్చుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది. పూర్తిగా దాచేద్దామని కాదు. ఓ వారం పోనిచ్చి చెబుదామనుకున్నాను, ఫోన్ చేసి, అన్నట్టు నీ ఇల్లు నువ్వనుకున్నంత బాగాలేదే, మళ్ళీ చూస్తే తేలింది, అని కాస్త చురక పెట్టి చెబుదామనుకున్నాను. అప్పటికి ఆ ఇంట్లో పసిపిల్లలు లేరు కదా, వారంలో మునిగిపోయేదేముంది. ఆ రెండు అంకెల్ని ఆఫీసు కంప్యూటర్లోకి ఎక్కించకుండా గన్‌లోంచి చెరిపేశాను. వారం తిరక్కుండానే ఫోన్ అదే చేసింది. అక్కా, అమ్మకి కూడా ఇంకా చెప్పలేదు, ముందు నీకే చెప్తున్నా, నాకు నెల తప్పింది, అంది.

మూడు యాభై ఒకటి. ఎండ గోడదాకా జరిగింది. వంటింట్లో కుళాయి చుక్కచుక్కగా కారుతోంది, మేస్త్రీని పిలిచి తిట్టాలి, ఇప్పుడు లేవకూడదు. అప్పుడు చెప్పాల్సింది. నెల తప్పిందన్నప్పుడు. తర్వాత మూడో నెలలో, అయిదో నెలలో, ప్రతి నెలా ఓ ముప్ఫై రోజులుంటాయి, ఏ రోజైనా చెప్పొచ్చు, కాకపోతే ఒక్కో రోజు గడిచేకొద్దీ ఆ మాటకి ఇంకో ప్రశ్న తోడయ్యేది, మరి నిన్ననే ఎందుకు చెప్పలేదని. ఏడో నెలలో ఓ మధ్యాహ్నం ఫోన్ చేసింది. మాటల వెనక ఏదో చప్పుడు, సర్రు సర్రుమని. "ఏంటే అది?" అన్నాను. "వెనకగది కిటికీ అక్కా, పాత రంగంతా గరుకు కాగితం పెట్టి రుద్దేస్తున్నా, పాపాయికి పసుపు రంగు వేద్దామని. చేతులు చూడాలి నువ్వు, సున్నం కొట్టేవాడి చేతుల్లా ఉన్నాయి." నవ్వుతోంది. రుద్దుతూనే ఉంది. పొడిగా రుద్దకూడదని నేను రోజూ పదిమందికి చెబుతాను, ముసలివాళ్ళకి చెబుతాను, అద్దెకున్నవాళ్ళకి చెబుతాను, వద్దన్నా వెంటపడి చెబుతాను. రుద్దకు. మూడక్షరాలు. నోట్లో ఉన్నాయి, నాలుక మీద ఉన్నాయి. రుద్దకంటే ఎందుకంటుంది. "ముక్కుకి గుడ్డ కట్టుకో" అన్నాను. సరేలే అంది. ఫోన్ పెట్టేసి నేను వంట చేసుకున్నాను, అన్నం మాడిందని మా ఆయన ఆ రాత్రి ఏదో అన్నాడు.

పిచ్చుక పుట్టాక ఆదివారం ఆదివారం వచ్చేదాన్ని. పెద్దమ్మకి పిల్లంటే ప్రాణం అని అందరూ అనేవాళ్ళు. ప్రాణమే, అది అబద్ధం కాదు. వచ్చిన దగ్గర్నుంచి దాని చేతులు తుడిచేదాన్ని, మళ్ళీ మళ్ళీ తుడిచేదాన్ని, తుడిచిన గుడ్డ ఉతకనివ్వకుండా సంచీలో వేసుకుని పట్టుకెళ్ళేదాన్ని, అక్కకి శుభ్రం పిచ్చి పట్టిందని చెల్లెలు వెక్కిరించేది. వారానికి ఒక్కరోజు తుడిస్తే మిగతా ఆరు రోజులూ తుడిచినట్టేనని నాకు నేను ఎలా సర్దిచెప్పుకున్నానో తెలీదు, బాగానే సర్దిచెప్పుకున్నాను. వెనకగది కిటికీ గట్టు సరిగ్గా దాని నోటి ఎత్తులో ఉండేది. నిలబడటం వచ్చాక ఆ గట్టు పట్టుకుని, నోరు ఆనించి, వీధిలో పోయే బళ్ళని చూసేది. పసుపు రంగు దాని పళ్ళ గుర్తులతో లేచిపోయింది. ఏడాదిన్నరకి పెద్ద అనేది, మ్మ అనేది, రెండూ కలిపి అనేది కాదు. రెండున్నరకి కలపకపోగా ఆ ఉన్న రెండూ పోయాయి. ఎదురింటివాళ్ళ పిల్ల పాటలు పాడుతుంటే ఇది గోడకి తల కొట్టుకునేది. అందరి పిల్లల్లా ఎందుకు లేదక్కా ఇది అని చెల్లెలు మొదటిసారి నా భుజం మీద తల పెట్టి ఏడ్చిన రోజు, దాని వీపు నిమురుతుంటే నాకు లోపల ఎక్కడో సన్నగా ఒక తృప్తి కలిగింది. అబద్ధమెందుకు. ఇప్పుడు తెలిసిందా అనిపించింది. క్షణమే ఉంది, పోయింది, కాని ఉంది.

మూడు నెలల క్రితం రక్తపరీక్ష చేయించారు. సీసం లెక్క ముప్ఫై ఒకటి. మూడు నాలుగు దాటితేనే డాక్టర్లు ముఖం చిట్లిస్తారు. మా ఆఫీసు నుంచే ఇంకొకతను వచ్చి వెనకగది కిటికీకి గన్ పెట్టి తొమ్మిది పాయింట్ ఒకటి అని రాసుకెళ్ళాడు. పోయినది తిరిగి రాదమ్మా, ఇక మీదట పోకుండా చూసుకుందాం, అన్నాడట పిల్లల డాక్టరు. కడుపుతో ఉండి చేతులారా గీకింది నువ్వే కదా అన్నాడు మా మరిది, అని వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయాడు, ఈ మూడు నెలల్లో పెళ్ళాంతో ఒక్క మాట లేదు. నాకు మాత్రం ఫోన్ చేశాడు. "వదినగారూ, మీరంతటివారు వచ్చి చూసి బాగుందన్నాక దీనికెందుకండీ గీకుడు?" అన్నాడు. ఊ అన్నాను. చెల్లెలు పిల్లని తీసుకుని రెండు వీధుల అవతల ఒక గది అద్దెకి తీసుకుంది, ఒకటే మంచం, కిటికీకి అట్ట కొట్టేసింది, గోడని పిల్ల తాకితే ఉలిక్కిపడుతుంది. కనపడినవాళ్ళందరినీ ఒకటే అడుగుతుంది, నేను రుద్దడం వల్లేనా, అని. డాక్టరుని అడిగింది, కారణం ఒక్కటే అని చెప్పలేం అన్నాడు. నర్సుని అడిగింది, ఇప్పుడవన్నీ ఎందుకమ్మా అంది. నన్ను అడగలేదు. ఆ రోజు గన్ ఏమందో నాకు తెలుసు, ఏమందని నేను చెప్పానో దానికి తెలుసు, ఈ రెండింటికీ నడుమ ఉన్న ప్రశ్న అడగడానికి తెలివితేటలేమీ అక్కర్లేదు. మూడు నెలలుగా ఫోన్ మోగిన ప్రతిసారీ అదే అనుకుంటాను, అది మాత్రం అక్కా తిన్నావా అని అడుగుతుంది.

నాలుగు అయిదు. చెప్పేస్తాను. ఇందాకట్నుంచీ ఇదే మాట చుట్టూ తిరుగుతున్నాను, ఇక చెప్పేస్తాను. నమూనాలు తీసి, గొట్టాలకి చీటీలు అంటించి, సంచీ సర్దుకున్నాక కాదు, అలా అనుకుంటే ఆ తర్వాత ఇంకేదో ఉంటుంది. ఈ గంట అయిన వెంటనే తలుపు తీసి, మెట్లమీద దాని పక్కన కూర్చుని, ఆ రోజు తొమ్మిది పాయింట్ నాలుగు వచ్చిందే, కావాలనే చెప్పలేదు, నువ్వు అన్న మాట విని కడుపు మండి చెప్పలేదు, తర్వాత భయపడి చెప్పలేదు, నువ్వు రుద్దినా నీ తప్పు కాదు, తెలిసిన మనిషి బాగుందంటే ఎవరైనా రుద్దుతారు, అని చెప్పాలి. అంతే, నాలుగు వాక్యాలు. చెబితే నా ఉద్యోగం పోతుంది, పోనీ. చెల్లెలు మొహం మీద ఉమ్మేస్తుంది, ఉమ్మనీ. పిచ్చుకని జన్మలో చూడనివ్వదు, అదొక్కటే ఒప్పుకోబుద్ధి కావడం లేదు, అయినా సరే. మరిది వెనక్కి వస్తాడు, పిల్లకి తండ్రి ఉంటాడు, చెల్లెలు తన చేతుల వంక అలా చూసుకోవడం మానేస్తుంది. ఈమధ్య అది కూర్చున్నచోటే రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని చూసుకుంటోంది, అన్నం కలపడానికి కూడా చెంచా వాడుతోంది. చెప్పేస్తాను. మనసులో ఒకసారి అనుకుని చూశాను, రెండోసారి పెదాలు కదిపి చూశాను, మాటలు తడబడలేదు. ఒంట్లో బరువు దిగినట్టుంది. నిజంగా చెబుదామనే అనుకున్నాను, ఇది మాత్రం నమ్మాలి.

నాలుగు పదమూడుకి తలుపు వేలెడంత తెరుచుకుంది. సందులోంచి చెల్లెలి కన్ను ఒకటి, కింద పిచ్చుక జుట్టు కాస్త కనపడుతున్నాయి.

"ఇంకెంతసేపక్కా?"

"ఏడు నిమిషాలు. తలుపెయ్యి, గాలొస్తుంది."

వేయలేదు. గరిటె చప్పుడు ఆగింది, పిచ్చుక చేతిలోంచి తీసుకున్నట్టుంది, పిల్ల ఏడుపు లంకించుకుంది.

"ఒకటడుగుతాను, తిట్టవు కదా?"

"అడుగు."

"ఆ రోజు నీ గన్ బాగానే ఉందని చెప్పింది కదా. మరి ఈ సీసం ఎక్కణ్ణుంచి వచ్చిందక్కా?"

ఆ కంట్లో అనుమానం రవ్వంత ఉన్నా చెప్పేసేదాన్ని. నన్ను నిలదీసినా, గొంతు కాస్త పెంచినా నా నాలుగు వాక్యాలూ వాటంతట అవే బయటికి వచ్చేవి. ఏమీ లేదు అందులో, జ్వరమొచ్చిన పిల్లని డాక్టరుకి చూపించేటప్పుడు తల్లి చూస్తుందే, అలా చూస్తోంది. నేనేం చెబితే అదే. ఇంత సులువుగా ఉంటుందని నేననుకోలేదు.

"గన్ పైపొర ఒక్కటే చూస్తుందే" అన్నాను. "అడుగు పొరల్లో ఉన్నది దానికి అందదు. నువ్వు గీకేసరికి అడుగున ఉన్నదంతా పైకొచ్చింది."

పచ్చి అబద్ధం. పది పొరలు కప్పినా కింద సీసం ఉంటే పసిగట్టేస్తుందనే ఆ గన్‌కి అంత ఖరీదు. ఆ ముక్క దానికి చెప్పేవాళ్ళు ఈ ఊళ్ళో నాతో కలిపి ఏడుగురు, మిగతా ఆరుగురికీ నేను ఆ రోజు ఇక్కడ గన్ పెట్టిన సంగతే తెలీదు.

ఆ కన్ను కిందికి, తన చేతుల వైపు వాలింది. పిల్ల ఏడుస్తూనే ఉంది.

"అయితే నేనే" అంది.

తెలియక చేశావులే అనొచ్చు. ఎవరైనా అలాగే చేస్తారులే అనొచ్చు. మనసుంటే అనడానికి వంద మాటలున్నాయి.

"నువ్వే" అన్నాను.

తల ఊపింది. రెండుసార్లు, నిదానంగా, లెక్క సరిపోయినవాళ్ళలా. "నువ్వు కాబట్టి చెప్పావక్కా" అంది. "అందరూ నేనేమైపోతానో అని నాన్చుతున్నారు. నువ్వొక్కదానివే మొహం మీద చెప్పావు. ఇక ఆయన్ని రమ్మని ఏ మొహం పెట్టుకుని అడుగుతాను, అడగనులే." కొంగుతో పిల్ల ముక్కు తుడిచి, గరిటె మళ్ళీ దాని చేతికిచ్చింది. "పనయ్యాక గదికి రా. ఏదో ఒకటి వండుతాను, తిని వెళ్దువుగాని. పొద్దున్నుంచీ నీరసంగా ఉన్నావు."

వస్తానన్నాను. తలుపు మూసుకుంది. నాలుగు ఇరవై దాకా ఆగి, లేచి, కొత్త గ్లౌజులు తొడుక్కుని వెనకగదిలోకి నడిచాను. నిజంగానే ఆకలేస్తోంది.